ఎలుగు రంగు

తవిటయ్య మాస్టారు పాళీతో గీసిన ఎలుగు
లుంగీ ఎగ్గట్టి, చెవి మీద బీడీ దోపుకుని
కాశీబుగ్గ బస్టాండులో
జీడిపప్పు తూకం వేస్తోంది.
ఎదురుగా కళ్లజోడు కుందేలు,
ఏదో ఆఫీసులో గుమస్తా కాబోలు,
తక్కెడ ముల్లు వైపే అనుమానంగా.

స్కాన్ చేశాను. దుమ్ము చుక్కలు తుడిచాను.
గీతల కింద ఒక పొర పరిచి
బకెట్‌తో రంగు ఒలకబోస్తే
భుజం దగ్గర గీత కలవలేదేమో,
గోధుమరంగు కారిపోయి
బస్సూ ఆకాశమూ కుందేలు చొక్కా
అన్నీ ఎలుగైపోయాయి.

వెనక్కి. మళ్లీ వెనక్కి.
మాస్టారి చెయ్యి వణికిన చోటు
నాలుగింతలు పెద్దది చేసి వెతికి
వెంట్రుకంత సిరా అతికించాను.
ఈసారి నలుపు పోశాను,
అందరూ పోసే నలుపే.

"అలగుండదే" అంది లిమ్మత్త
వెనక నించుని,
జీడి తిన్న వేళ్లతో పప్పు తొక్క తీస్తూ.
"నల్లగుంటాదని దూరం నుంచి సూసినోలంటారు.
పుట్ట తవ్వొచ్చింది కదా, ఒల్లంతా ఎర్రమన్ను.
మూతి సుట్టూ బూడిద.
రొమ్ము మీద గుర్తు తెలుపు కాదే, గంజి రంగు."

ఆ ఏడాది తోటలో
రెండు చేతుల దూరం నుంచి చూసిందామె.
కుడి చెవి సగమే ఉంది.
ఇంట్లో ఆ మాట ఎవరం ఎత్తం.

రంగుల చక్రం తిప్పుతూ పోయాను.
"ఇంకొంచెం. ఇంకొంచెం ఎరుపు.
ఊఁ, ఆగు."

ఆగాను.
తెర వైపు చాలాసేపు చూసింది.
"లుంగీకి నీలం గళ్లు పెట్టు" అంది.
"పాపం, తూకం సరిగ్గానే ఏస్తన్నాది."