నాలుగో సంచి

సెమరాంగ్‌లో మా వీధికి సముద్రం
నెలకు రెండుసార్లు వచ్చి పోతుంది.
వాన పడక్కర్లేదు.
పున్నమికీ అమాసకీ
కాలవలోంచి వెనక్కి ఎక్కి వచ్చి
మెట్టు మీది చెప్పుల్ని తేల్చి
అద్దె వసూలుకొచ్చిన మనిషిలా
కాసేపు గుమ్మంలో నిలబడుతుంది.

మా గదుల మధ్య గోడ పేరుకే గోడ.
అవతల వెనింగ్ తుమ్మితే
ఇవతల నేను ఉలిక్కిపడతాను.
రాత్రి పదకొండూ నలభై ఎనిమిదికి
ఆమె ఫోను టింగుమంటే
ఏదో కొనేసిందని అర్థం.

వెదురు బ్రష్షు, పిడి మీద ఆకు బొమ్మతో.
స్టీలు స్ట్రాలు ఆరు,
వాటిని కడగడానికి ఇంకో బ్రష్షు.
సబ్బుబిళ్ళ,
ఆ సబ్బుబిళ్ళ కూర్చోడానికి ఒక చెక్క పీట.
ఆరు స్ట్రాల్లో ఒక్కదానికీ
ఇంతవరకు నిమ్మరసం రుచి తెలీదు.

ఎందుకే అని అడిగాను ఒకసారి
ఆరేసిన బట్టల కింద నిలబడి.
"ఇంకా పన్నెండు నిమిషాలే అన్నాడక్కా.
రెండే మిగిలాయన్నాడు.
కొంటే నా పేర మడమొక్క నాటతాడట.
ఇప్పటికి పదకొండు మొక్కలున్నాయి నాకు."
ఎక్కడ?
"ఏమో. ఒడ్డునెక్కడో."

ఒడ్డు అనే మాట దగ్గర ఆగిపోయింది.
దెమాక్ వైపు ఆమె చదువుకున్న బడి
ఇప్పుడు నీళ్ళలో ఉంది.
మూడో తరగతి కిటికీలోంచి
చేపలు లోపలికీ బయటికీ తిరుగుతాయట.
ఈ సంగతి ఆమె నాకు చెప్పింది ఒక్కసారే,
నవ్వుతూ, చేపల గురించి చెప్పినట్టు.

"నొక్కాక ఒక్క క్షణం
ఛాతీ మీద కూర్చున్నవాళ్ళెవరో
లేచి వెళ్ళినట్టుంటుందక్కా" అంది.
తర్వాత?
"తర్వాత పార్సెల్ ఎక్కడిదాకా వచ్చిందో చూసుకుంటా."

పార్సెల్ పున్నమి నాడే వచ్చింది.
గలిహ్ బండిని వీధి మొదట్లో వదిలేసి
మోకాలి లోతు నీళ్ళలో
డబ్బా నెత్తిన పెట్టుకుని వచ్చాడు.
"ఏముంది ఇందులో?"
"సంచి. గుడ్డసంచి."
"నాలుగోది" అన్నాడు.
ఎగతాళి లేదు ఆ గొంతులో.
మొదటి మూడూ తెచ్చింది అతనే.

వెనింగ్ అక్కడే విప్పింది.
టేపు, టేపు కింద బుడగల కవరు మూడు చుట్లు,
దాని లోపల పల్చటి కవరు,
దాని లోపల సంచి.
సంచి మీద పచ్చటి అక్షరాలు:
నేను ప్లాస్టిక్ ముట్టను.
ముగ్గురం చదివాం. ఎవరూ ఏమీ అనలేదు.

"ఆ బుడగల కవరు పారేస్తారా?
నాకిచ్చెయ్యండి.
ఫోను తడిస్తే ఇవాళ్టి కూలి పోయినట్టే."
రెండు చుట్లు చుట్టి, రబ్బరు బ్యాండు వేసి,
చొక్కా జేబులో పెట్టుకుని
మళ్ళీ నీళ్ళలోకి దిగాడు.
జేబు ఉబ్బెత్తుగా కనిపిస్తూ పోయింది మలుపు దాకా.

ఆ రాత్రి పదకొండూ నలభై ఎనిమిదికి
గోడ అవతల చప్పుడు లేదు.
యాభై అయింది. లేదు.
ఇవతల నా ఫోను వెలిగింది.
పాత టైర్ల రబ్బరుతో చేసిన ఫోను తిత్తి,
నీళ్ళు దూరనిది,
సగం ధర, ఇంకా తొమ్మిది నిమిషాలు.
గలిహ్ జేబు కళ్ళ ముందు మెదిలింది.
బొటనవేలు నన్నడగలేదు.

టింగ్.

"ఏం కొన్నావక్కా?"
గోడ అంత పల్చగా ఎప్పుడూ లేదు.
చెప్పబోతూ ఆగాను.
దాన్ని నీళ్ళలో మోసుకు రావాల్సింది
మళ్ళీ అతనే అని
అప్పుడు గుర్తొచ్చింది.