హాజరు

తార్నాక, రెండో అంతస్తు, కిటికీ పక్క బల్ల నాది.
మైదా జిగురులో చిటికెడు మైలుతుత్తం కలుపుతాను,
లేకుంటే నేను అతికినదాన్ని కూడా పురుగే తింటుంది.

ఇవాళ నా ముందు బొల్లారం పటాలం జీతాల చిట్టా.
ఫసలీ పన్నెండు వందల నలభై మూడు.
ఒక పక్క ఇంగ్లీషు అంకెలు, ఒక పక్క ఫారసీ గీతలు,
మధ్యలో పురుగు తవ్విన సొరంగం.
దానికి ఏ భాషా రాదు,
అన్నిటినీ సమానంగా చదివింది.

కొండూరి ఎల్లమంద, సిపాయి, మూడో కంపెనీ.
నెలకు ఏడు రూపాయలు.
బూట్లకు ఎనిమిదణాలు పోయె.
చాకలికీ మంగలికీ కలిపి నాలుగణాలు.
కోటు కొత్తదని రూపాయి,
అదే కోటు పాతబడిందని అర్ధరూపాయి.
గుండీ ఊడినందుకు జరిమానా,
ఊడిందని ఒప్పుకోనందుకు ఇంకో జరిమానా.
చేతికొచ్చింది మూడున్నర,
అదీ నాలుగు నెలలకొకసారి.
కవాతుకు మాత్రం బాకీ లేదు.
తెల్లారకముందే తెలియని భాషలో ఒక కేక.
ఏ భాషనైనా కాళ్లే ముందు నేర్చుకుంటాయి.

(మా తలుపు దగ్గర మొహం చూసే యంత్రముంది.
తొమ్మిదీ పదికి చూపిస్తే సగం రోజు కోత.
నాకు జీతమిచ్చే ఏజెన్సీ
నాలుగేళ్లలో మూడు పేర్లు మార్చింది,
కోత మార్చలేదు.
సరే, నా సంగతి కాదిది.)

రెండు పేజీలు తడికి అంటుకుపోయాయి.
ఆవిరి పట్టి, వెదురు పుల్లతో
గోటిమందం గోటిమందం విడదీస్తే
లోపల ఒక చీటీ. తెలుగు.
ఎవరికో అణా ఇచ్చి రాయించుకున్న చేతిరాత:

'మహారాజశ్రీ కప్తాను దొరవారి సముఖానికి
ఓదవ్వ చేసుకున్న మనవి.
నా పెనిమిటి ఎల్లమంద మొన్న ఆషాఢంలో
వాంతులు భేదులై లైన్లలోనే పోయినాడు.
కట్టెలు అప్పు తెచ్చి కాల్చినాను.
కట్టెలవాడు వాకిట్లో కూర్చున్నాడు.
రావలసిన నాలుగు నెలల తలబు ఇప్పించవలెను.'

కింద సంతకం లేదు, నిశానీ ఉంది.
చేతి గాజు తీసి కాగితం మీద పెట్టి
చుట్టూ గీసిన సున్నా.

వెనక ఎర్రసిరా, ముద్దొచ్చే దస్తూరి:
'చిట్టా ప్రకారం సదరు సిపాయి హాజరులో ఉన్నాడు.
అర్జీ చెల్లదు.'

మళ్లీ చిట్టాలోకి వెళ్లాను.
ఆషాఢం, హాజరు. శ్రావణం, హాజరు.
వైశాఖం దాకా పదకొండు నెలలు
బూడిద నిటారుగా నిలబడి జీతం తీసుకుంది.
భాద్రపదంలో బెల్టు మెరవలేదని జరిమానా కూడా.
రాసినవాడు తెలివైనవాడు,
ఏ తప్పూ చేయని సిపాయిని ఎవరూ నమ్మరు.
మార్గశిరంలో పన్నెండు కొరడా దెబ్బలు.
ఎవరి వీపు మీద?
లేక ఖాళీ మైదానంలో గాలిని కొట్టి
ఎవరైనా పన్నెండు దాకా లెక్కపెట్టారా?

యూసుఫుద్దీన్ సార్ కళ్లజోడు పైకెత్తి చూసి నవ్వారు.
'వాళ్ల ఊళ్లో ఇది తాతల నాటి విద్యమ్మా.
ఓడెక్కకముందు నుంచే
చచ్చినోళ్ల తలబుతో కప్తాన్లు గుర్రాలు కొన్నారు.'
చాయ్ తాగి తన బల్ల దగ్గరికి పోయారు.

పన్నెండో నెల పేరు మీద అడ్డగీత.
కారణం రాసిన గడిని పురుగు తినేసింది.
మాకొక నియమం:
పోయిన అక్షరాన్ని మేం రాయకూడదు,
ఏముండేదో తెలిసినా సరే.
పలచటి కాగితం పరిచి వదిలేశాను.

వదిలేసి, ఎవరూ చూడనప్పుడు
నా మణికట్టును ఆ సున్నా పక్కన పెట్టాను.
నాది రెండూ ఎనిమిది సైజు.
ఇది రెండూ రెండు కూడా ఉండదు.
పిల్ల. చిన్నపిల్ల.

జాబితాలో రాయాలి: విడి చీటీ ఒకటి, సంతకం లేదు.
'లేదు' కొట్టేసి 'గాజు' అని రాశాను.
ఎవరైనా అడిగితే అప్పుడు చూద్దాం.
జిగురు ఆరేదాకా కాగితం ముడుచుకోకుండా
పైన బరువు పెట్టాలి.
గాజు మీద గాజుపలక
మెల్లగా దించాను.