వేలెడు సందు

మా వీధికి మూడుసార్లు సిమెంటు రోడ్డు పోశారు.
పోసినప్పుడల్లా మా ఇంటి మెట్టు ఒకటి మునిగింది.
ఇప్పుడు కావలి ఊరంతా
మా గడపతో సమానంగా నిలబడి
లోపలికి తొంగిచూస్తా ఉంటుంది.

తలుపు మా మామ కొన్నది,
పడగొట్టిన సత్రంలో, వేలం పాటలో.
టేకుది. గడియ పక్కన ఎవరో
పేరు చెక్కబోయి మొదటి అక్షరంతో మానుకున్నారు.
అడుగు బద్ద చివికి, ఎలకలు కొరికి
వేలెడు సందు.

తూర్పు ముఖం ఇల్లు మంచిదన్నారు.
నిజమే, ఈశాన్యం వానకు
అంతకన్నా మంచి ఇల్లు దొరకదు.

వాయుగుండం కబురు నాకు టీవీ చెప్పనక్కర్లేదు.
కుట్టుమిషను తొక్కే కాలికి ముందు చెమ్మ తెలుస్తుంది.
ముందొక నాలిక, ఆనక గదంతా.
పోయినేడు కొలతల పుస్తకం నానిపోయి
సుభాషిణి టీచరు నడుమెంతో
నాకూ తెలీదు, అడిగితే ఆమెకూ తెలీదు.

గోనెపట్టా వేశాను.
అది తాగినంత తాగి మిగతాది నాకొదిలింది.
కట్‌పీసులన్నీ అతికి, తలుపు పొడుగున గొట్టం కుట్టి
తుమ్మలపెంట ఇసక నింపి అడ్డం పెట్టాను.
కరెంటు పోయిన రాత్రి అవ్వ కాలికి తగిలింది.
"పురుగే! గడపలో పురుగే!"
చీకట్లో దాని అసలు పేరు ఎత్తకూడదు.
జాకెట్ల ముక్కల పురుగు, పూలపూల పురుగు,
తెల్లారేసరికి నీళ్ళు మింగి
నేను ఎత్తలేనంత బరువెక్కింది.

జువ్వలదిన్నె పోలయ్యను పిలిపించాను.
పడవ చెక్కల సందుల్లో పీచూ గుగ్గిలమూ దట్టించే చెయ్యి.
మోకాళ్ళ మీద వంగి, సందులో వేలాడించి నవ్వాడు.
"పడవైతే గంటలో బిగించిపోదును తల్లే.
దానికి తెరుచుకునే పని లేదు గదా."
టీ తాగాడు. డబ్బులొద్దన్నాడు.

ఆఖరికి ఖాదర్‌వలి పంచరు షాపులో
లారీ ట్యూబు కోసి పట్టీ ఇచ్చాడు.
వడ్రంగి మలకొండయ్య తలుపును పీటల మీద పడుకోబెట్టి
చివికింది చిత్రిక పట్టి, రబ్బరు మేకులేసి,
బయటివైపు ఏటవాలుగా బద్ద కొట్టి,
ఆ బద్ద అడుగున సన్నగా గాడి గీశాడు.
"అదెందుకు?"
"చుక్కకి దూకే చోటు చూపించాలమ్మా.
లేకుంటే చెక్కను పట్టుకుని పాకతా లోపలికొస్తది."

ఆ వారమే వాన.
చాప పరుచుకుని టార్చితో కూచున్నాను
పెళ్ళివారి కోసం కూచున్నట్టు.
గాడి దగ్గర చుక్కలు ఒకదాని వెనక ఒకటి దూకే చప్పుడు.
గడప లోపల పొడి పొడి.
అరచేత్తో తడిమాను, రెండుసార్లు.
అవ్వ నిద్రలో కాళ్ళు చాపింది.

తెల్లారి చూస్తే కరెంటు బిల్లు
వీధిలో ముద్దయి పడుంది.
ఎప్పుడూ సందులోంచి తోసేవాడు పిల్లోడు,
తోసి చూసి, పట్టక, వదిలేసి పోయాడు.
పోతే పోనీ.

కానీ మా ఆయన
కృష్ణపట్నం లోడు దించి వచ్చేది రెండుగంటలప్పుడు.
ఎదురు స్తంభం లైటు సందు కింద గీతలా పడేది.
ఆ గీతలో రెండు చోట్ల నల్లగా అయితే
ఆయన కాళ్ళు.
తలుపు తట్టకముందే లేచి గడియ తీసేదాన్ని,
అవ్వ లేవకుండా.

రాత్రి మూడుసార్లు తట్టాడంట.
"ఏందే అంత నిద్ర" అన్నాడు, తల తుడుచుకుంటా.
నిద్రపోలేదు నేను.
గీత ఉండే చోటే చూస్తా పడుకున్నాను.
వాన హోరులో తట్టింది వినపడలా.

మలకొండయ్యకు మళ్ళీ కబురంపాను.
మోకాలెత్తున, రూపాయి బిళ్ళంత బెజ్జం.
"ఇప్పుడే గదమ్మా మూయించుకున్నావు" అంటాడు.
అననీ.
వాన కొట్టే వాలు ఎటో చూసి
బెజ్జం మీద కూడా చిన్న బద్ద కొట్టమంటాను,
అడుగున గాడితో సహా.