ఐదు పులిచింతలు

కనజావాలో వాన గురించి ఒక మాటుంది:
అన్నం డబ్బా మరిచినా మరువు, గొడుగు మరవకు.
పెళ్ళికి ఏం కట్టుకెళ్ళాలో మాత్రం
అంత పొట్టి మాటలో ఎవరూ చెప్పలేదు నాకు.

మిహారు పెళ్ళి.
మాజీ భర్త చెల్లెలి కూతురు.
ఆ "మాజీ" అన్న మాట పిల్ల దాకా పాకుతుందో లేదో
తొమ్మిదేళ్ళుగా తేలలేదు.
జవాబు కార్డులో నన్ను గౌరవించే అక్షరాల్ని
నేనే రెండు గీతలతో కొట్టేసి
"వస్తున్నాను" అని రాశాను. ఇక్కడ మర్యాద అదే.
తపాలా డబ్బాలో వేసి, ఇంటికొచ్చి
సొరుగుల ముందు కూలబడ్డాను.

పై సొరుగులో, కాగితం మడతల్లో, నల్ల కిమోనో.
అంచున ఎగిరే బెగ్గురు పిట్టలు.
వీపున ఒకటి, చేతుల మీద రెండు, రొమ్ము మీద రెండు,
తెల్లగా ఐదు పులిచింత ఆకులు.
వాళ్ళింటి ముద్ర.
పెళ్ళైన ఏడు అత్తగారు ఫుకుయె పెట్టింది.
"అయినవాళ్ళ పెళ్ళిళ్ళకి ఇదే. ఇంకేం ఆలోచించక్కర్లేదు" అంది.
పద్నాలుగేళ్ళు ఆలోచించనూ లేదు.

పులిచింత కలుపు మొక్క.
పీకేక వేరు ముక్క మిగిలితే చాలు, మళ్ళీ లేస్తుంది.
వంశం అలా నిలవాలనే ముద్రగా పెట్టుకున్నారట.
విడాకుల కాగితం మీద నా పేరు గుద్దిన రోజు
ఈ ఐదింటినీ తిరిగిమ్మని వాళ్ళడగలేదు,
నేనూ ఇవ్వలేదు.

నలుపు చుట్టాలది. రంగులు అతిథులవి.
మధ్యలో ఉన్నవాళ్ళకి నేతగాడు ఏమీ నేయలేదు.

బజారుకెళ్ళాను.
"వధువుకి మీరేమవుతారండీ?" అంది కొట్లో అమ్మాయి,
కొలతల కన్నా ముందు.
నా ఆలస్యాన్ని చూసి తనే అంది,
"నేవీ బ్లూ అయితే ప్రమాదం లేదు."
తెలుపు పెళ్ళికూతురిదట. తలనుంచి కాళ్ళదాకా నలుపైతే చావిల్లట.
బొచ్చు కోటు అసలే వద్దట, అందులో ప్రాణం తీసిన వాసన.
నేవీ బ్లూ తొడుక్కుని అద్దంలో చూసుకున్నాను.
బ్యాంకుకి అప్పు కోసం వచ్చినదానిలా ఉన్నాను.

రాత్రి మిహారుకే ఫోన్ చేశాను.
"ఏం కట్టుకోమంటావే?"
"ఏదైనా సరే అత్తా, బిగుతుగా మాత్రం కట్టుకోకు.
ఆ హోటల్లో పీత చాలా బాగుంటుంది."

చివరికి కింది సొరుగు. మా అమ్మది.
బియ్యం కడిగిన నీళ్ళ రంగు,
వెలుతురులో పెడితే కొంచెం ఊదా.
ముద్ర లేదు, ఎవరింటి దాన్నో చెప్పదు.
ఒళ్ళో ఒక టీ మరక ఉంది,
ఎడమ అంచు కుడి మీదకి వస్తే దాక్కుంటుంది.
(కుడి ఎడమ మీదకి రాకూడదు, అది శవాల కట్టు.
ఆ ఒక్కటీ నాకు ఎవరినీ అడక్కుండా తెలుసు.)

పొద్దున నడుం పట్టీ మూడుసార్లు విప్పి కట్టాను.
ఆ గొడవలో
గొడుగు మరిచాను.

గుడి మెట్ల కింద చక్రాల కుర్చీలో ఫుకుయె,
ఎనభై ఆరేళ్ళు, నల్లగా, ఐదు ఆకులతో.
చూపు నా చెప్పుల దగ్గర మొదలై
పట్టీ దగ్గర ఆగి, మెడ దాకా ఎక్కింది.
ఆ చూపు నాకు కంఠతా వచ్చు.
"ఈ రంగు వానకి ఇట్టే మచ్చపడుతుంది" అంది.
అని, ఒళ్ళో ఉన్న గొడుగు నా చేతికి తోసింది.

పట్టుకున్నాను, ఇద్దరికీ.
అంతలో ఎవరో "చుట్టాలంతా రండి, ఫొటో" అని కేకేశారు.
కుర్చీ వెనక నేను. గొడుగు నా చేతిలో.
వదిలేస్తే ముసలావిడ తడుస్తుంది.

నల్లటి వరసలో ఒక్కచోట బియ్యం కడుగు.
తొషికాజు అటు చివర నిలబడి
కెమెరా వైపే చూశాడు, మంచిదే.

పీత నిజంగా బాగుంది.
పట్టీ మాత్రం బిగుతే.