లాభం, రెండు, మూడు

వడ్లు కొలిచేటప్పుడు మా తాత
ఒకటి అనేవాడు కాదు.
కుంచం నింపి, అరచేత్తో చదునుచేసి
"లాభం" అనేవాడు.
తర్వాతే రెండు.
ఆ దుమ్ములో పెరిగిన నోరు నాది.

జట్టు శిబిరంలో మొదటి పొద్దున
తల కిందికి, కాళ్ళు ఆకాశానికి పెట్టి
ఎనిమిది దాకా లెక్కపెట్టమన్నారు మేడం.
మునగ్గానే "లాభం" అన్నాను.
బుడగల్లో ఎవరికి వినబడుతుందిలే అనుకున్నా.
నీళ్ళు మోసుకుపోయాయి.
పుణె పిల్ల ఋతుజకి ఆ మాట తెలుసు.
పైకి తేలి, ముక్కు క్లిప్పు తీసి
"దేంట్లో లాభం?" అంది.
నవ్వి ఊరుకున్నా.
వారం తిరిగేసరికి ఎనిమిది మందీ
ఆ మాటతోనే మునిగేవారు.

నేను తొమ్మిదో దాన్ని.
ఎవరికైనా జ్వరం వస్తే దిగే మనిషిని.
మూడు దేశాలు తిరిగాం,
ఒక్కదానికీ ఒళ్ళు వెచ్చబడలేదు.
పొద్దున్నే గిన్నెలో జెలటిన్ కాచి
కుంచెతో ఎనిమిది తలలకు పూసేదాన్ని.
ఒక్క వెంట్రుకా లేవకూడదు.
ఇబెమ్‌చా జుట్టు మాత్రం మణిపురిలో తిట్టించుకుంటే గానీ
అణిగేది కాదు.

దుస్తులకు డబ్బుల్లేవన్నారు.
నరసాపురంలో మా అమ్మ సువార్తమ్మ
కొక్కెం సూది తీసి కూర్చుంది.
ఆమె లేసు మాకంటే ముందే సముద్రాలు దాటింది,
పేరు లేకుండా, ఎవరి ప్లేట్ల కిందకో.
ఈసారి వీపుల మీదకి అల్లింది,
చేప పొలుసులు, దగ్గర దగ్గరగా.
ఆ నూలు తడిస్తే ఎంత బరువో
పెనాంగ్‌లో గానీ తెలియలేదు.
లేవాల్సిన నడుములు సగమే లేచాయి.
ఏడు జట్లు. ఏడోది మేం.

అమ్మ ఒక్క మాట అనలేదు.
మొత్తం విప్పి కండెకు చుట్టి
కళ్ళు పెద్దవి చేసి మళ్ళీ అల్లింది.
"నీళ్ళు పోవాలి కదే, వలకైనా" అంది.

తాష్కెంట్‌లో ఆట మధ్యలో
నీటి లోపలి స్పీకరు చచ్చిపోయింది.
పైన పాట నడుస్తోంది, జనం వింటున్నారు,
కింద ఎనిమిది మంది చెవిటి చీకట్లో.
ముందు ఒక కాలు వంగింది. తర్వాత ఇంకొకటి.
మా వశిష్ఠలో కొయ్యింగల్ని తోలడానికి
పడవ అంచు మీద గెడతో కొడతారు.
నీళ్ళలో చప్పుడు ఎంత దూరం పోతుందో
నాకు ఎవరూ నేర్పక్కర్లేదు.
జెలటిన్ గిన్నె పట్టుకుని గట్టున మోకాళ్ళేసి
ఇనుప నిచ్చెన మీద కొట్టాను.
లాభం.
రెండు.
మూడు.
నాలుగుకి పదహారు కాళ్ళు
ఒక్క మడిలో నారులా నిలబడ్డాయి.

బయటి సాయమని రెండు పాయింట్లు కోశారు.
తొమ్మిది జట్లలో తొమ్మిదో వాళ్ళకి
ఇంకెక్కడికి దిగాలో చెప్పలేదు.
మేడం నన్ను తిట్టారు.
రాత్రి నా మంచం మీద ఒక చాక్లెట్ ఉంది.

బుసాన్‌కి ఆరు జట్లు రావాలి, ఒకటి రాలేదు.
పేపర్లో మాకు 'ఐదో స్థానం' అని వేశారు,
ఎంతమందిలోనో వెయ్యలేదు.
మాధవాయిపాలెం రేవులో పంటు ఎక్కితే
ఆ నెలంతా నా దగ్గర టికెట్టు తీసుకోలేదు.
నేను నీళ్ళలోకి దిగలేదని
చెబుదామనే అనుకున్నా,
ఏటి మధ్యకి వచ్చేసరికి
అవతలి ఒడ్డు దగ్గరయ్యేది.

జట్టు ఇప్పుడు లేదు.
లేదని ఉత్తరం కూడా రాలేదు.
సాయంత్రాలు రేవు మెట్ల మీద కూర్చుని
పల్లెపిల్లలకి గిన్నె కొడుతుంటా.
కాళ్ళు లేస్తాయి, వంకరగా,
ఒకడివి ఎప్పుడూ ఆలస్యంగా.
ఎర్రనీళ్ళు వస్తే మానేస్తాం.

అమ్మ అప్పుడు అల్లింది ఎనిమిది కాదు, తొమ్మిది.
తొమ్మిదోది విప్పనివ్వలేదు నేను,
అవసరం ఏముందని.
ఇంట్లో టీవీ కింద పరిచి ఉంది.
దాని కళ్ళు ఇంకా చిన్నవే.
దుమ్ము దులపడానికి ఎత్తితే
కాగితమంత తేలిక.