మిగిలిన ముక్క

కొరుక్కుపేట తెలుగు బడి. శనివారం, మూడు గంటలు.
ఏడాదిగా మాకు నేర్పినావిడ ఈ నెల నుంచి రాదు.
సుద్దముక్క నా చేతిలో. చెమట కూడా.

ఒకటీ ముప్పావు మూర మల్లెలు కొనుక్కొచ్చాను.
“అర మూర చొప్పున తుంచితే ఎన్ని ముక్కలు?”
“తిరగేసి గుణిస్తే మూడున్నర” అన్నారు టీచర్లందరూ
మా పిల్లల్లాగే, ఒకే రాగంలో.
“ఎందుకు తిరగేయాలి?”
ఫ్యాను ఒక్కటే మాట్లాడింది.

తుంచాం. మూడు ముక్కలు. ఇంకాస్త మిగిలింది.
“ఇది పావు మూరే కదా” అంది దేశమ్మ, మోచేతి మీద కొలిచి,
“మరి లెక్కలో అర అని ఎట్లా వచ్చింది?”

జవాబు నాలుక చివర దురద పెట్టింది.
ఏడాదంతా నేను నేర్చుకున్నది ఇదొక్కటే:
నోరు మూసుకుని
మనసులో ఇరవై లెక్కపెట్టడం.

పదిహేడు దగ్గర యతిరాజులు సారు లేచారు,
మార్చిలో రిటైరయ్యే మనిషి.
“మూరలో పావు. ముక్కలో సగం.”
కూర్చున్నారు. కాసేపాగి, కిటికీతో అన్నట్టు:
“ముప్పై రెండేళ్లు తిరగేయించాను.”

వచ్చే నెల ఎవరు నడుపుతారని అడిగే లోపే
దేశమ్మ ఆ పూలను తల్లో తురుముకోక
టిఫిన్ డబ్బాలో సర్దుతోంది.
“సోమవారం ఐదో తరగతిలో చేసి చూస్తా.
వాడిపోతే పోనీ, కొలత వాడదుగా.”