కిజిల్‌జిక్ బస్తా

మూడు రాత్రులుగా సర్వర్ చచ్చి లేస్తోంది.
గిరెసున్ కొండల మీంచి దిగిన ట్రాక్టర్లు
సహకార సంఘం గేటు ముందు బారులు తీరాయి.
ఆగస్టు. పైన నల్లసముద్రపు మబ్బు.
తూకం ఎక్కనిదే బస్తా లోపలికి పోదు.
తడిస్తే ఫిందిక్ గింజ బూజు పడుతుంది.

మొదటి రాత్రి కరెంటుని తిట్టారు.
రెండో రాత్రి మెమరీ పలక మార్చారు,
కొత్త పలకా పాత చావే చచ్చింది.
మూడోనాటి పొద్దున టీ గ్లాసుల మధ్య
ఎవరో గొంతు తగ్గించి అన్నారు:
పగలు బాగానే ఉంటోందిగా,
షెవ్‌కెత్ కూర్చున్నాకే పోతోంది,
హస్తవాసి.

ఆయన వినీ విననట్టు
చక్కెర బిళ్ళని గ్లాసులో తిప్పుతూనే ఉన్నాడు,
అది ఎప్పుడో కరిగిపోయినా.
ముప్ఫై ఏళ్ళు చేత్తో చిట్టా రాసిన మనిషి.
ఒక్క అంకె కొట్టేసి ఎరగడు.

ఇస్తాంబుల్‌కి ఫోన్ చేస్తే
కంపెనీ కుర్రాడు ఓర్‌చున్
నా మెషీన్ మీద బ్రహ్మాండంగా ఉందన్నాడు.
అతని మెషీన్ లోకేల్ ఇంగ్లీషు.
ఆ మాట అతను చెప్పలేదు,
బెర్రిన్ అడగలేదు, అప్పటికి.

ఆ రాత్రి ఆమె షెవ్‌కెత్ పక్కన కుర్చీ వేసుకుంది.
తెర చూడలేదు, వేళ్ళు చూసింది.
కీబోర్డు మూల పచ్చ దీపం.
"అన్నీ పెద్దక్షరాలేనా?"
"బస్తా మీద అలాగే ఉంటుంది కదమ్మా.
పైగా కళ్ళజోడు లేకపోయినా ఆనుతాయి."

మన అక్షరాలకి ఈ తంటా లేదు.
మన ‘క’ వాక్యం మొదట్లో ఛాతీ విరుచుకుని
మధ్యలో ఒదిగి కూర్చోదు.
వాళ్ళకి ఉంది. అది చాలదన్నట్టు
వాళ్ళ ఐలు రెండు:
చుక్క పెట్టుకున్నదొకటి, బోడిది ఒకటి.
పెద్ద బోడి ఐ, I, ఒంటి గీత,
ఒక్క బైటులో నిలబడుతుంది.
దాన్నే చిన్నది చేస్తే, ı,
రెండు బైట్లు అడుగుతుంది.
చిన్నదవగానే చోటు ఎక్కువ కావలసిన అక్షరం!
సర్వర్ రాసినవాడికి ఈ సంగతి ఎవరు చెప్పాలి?
వచ్చినంతే వెళుతుందనుకుని
ఎనిమిదేసి గళ్ళ అరలు కట్టాడు.

మరి ఇన్నాళ్ళూ ఎలా గడిచింది?
ఫిందిక్ అని రాస్తే ఐదు బైట్లు.
చిన్నక్షరాల్లోకి దిగితే ఏడు.
అరలో ఇంకా ఒక గడి ఖాళీ.
అలాంటి ఖాళీ గళ్ళే
తప్పుని ఇన్నేళ్ళూ కడుపులో పెట్టుకున్నాయి.

కిజిల్‌జిక్ అనే ఊరుంది, పొగమంచుకి పైన.
ఎనిమిది అక్షరాలు, ఎనిమిది గళ్ళు,
సూది మోపే సందు లేదు.
మూడు బోడి ఐలు.
చిన్నదైతే పదకొండు.
మిగిలిన మూడు బైట్లు గోడ దూకి
పక్కింటి చిరునామా చెరిపేసి కూర్చున్నాయి.
ఆ చిరునామా పట్టుకుని బయల్దేరిన సర్వర్
లేని వీధిలో అడుగుపెట్టి కూలింది.

బెర్రిన్‌కి అది దొరికేసరికి మూడున్నర.
కేక వెయ్యలేదు. మెడ నొప్పెడుతోంది.
రెండు వరసలు తారుమారు చేసింది, అంతే:
ముందు చిన్నది చెయ్యి,
తర్వాత కొలిచి చోటివ్వు.

షెవ్‌కెత్ అడిగాడు:
"మూడు బైట్లంటే ఎంత బరువుంటుంది?"
ఆమె ఆలోచించింది, నిజంగానే.
"తూగదు, షెవ్‌కెత్ బేయ్."

బయట బస్తాల మీద నిద్రపోతున్న
కిజిల్‌జిక్ హవ్వాని లేపారు.
అరవై మూడు కిలోల నాలుగొందలు.
ఆయన ఒక్కో వేలితో ఊరి పేరు కొడుతుంటే
ముగ్గురూ ఊపిరి బిగబట్టారు.
తెర మీద వరస ఎక్కింది, నిలిచింది.

బెర్రిన్ చెయ్యి పచ్చ దీపం మీటదాకా వెళ్ళి
వెనక్కి వచ్చింది.
రెండో బస్తా, అన్నాడు షెవ్‌కెత్.
మళ్ళీ పెద్దక్షరాల్లోనే.